స్కానర్ గాజు మీద చింతాకు రెమ్మ



పోయిన నెల పీటీఎంలో ఒక నాన్నగారు సూటిగా అడిగారు: "మేడమ్, స్కానర్ మీద ఆకు పెట్టి బటన్ నొక్కితే అది ఆర్ట్ ఎలా అవుతుంది? మావాడు డ్రాయింగ్ నేర్చుకోవాలి కదా?" న్యాయమైన ప్రశ్నే. వెనక క్యూ ఉండటంతో అప్పుడు రెండు మాటలే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

ఆకును యంత్రంతో బొమ్మ చేయడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్‌లో అన్నా అట్కిన్స్ అనే ఆవిడ 1843లోనే సముద్రపు నాచును మందు పూసిన కాగితం మీద పరిచి, ఎండలో ఉంచి నీలి రంగు చిత్రాలు తీశారు. కెమెరా వాడలేదు. ఎక్కడ ఏది పెట్టాలన్నది మాత్రం ఆవిడే చూసుకోవాలి.

స్కానర్‌లో ఇంకో సంగతి ఉంది. అది ఫొటోలా ఒక్క క్షణంలో తీయదు. గాజు కింద లైటు పట్టీ మెల్లగా జరుగుతూ ఒక్కో సన్నని గీతనే చదువుతుంది. మా ఆర్ట్ క్లబ్ స్కానర్‌కు ఒక ఎ4 పేజీకి దాదాపు 20 సెకన్లు. మా పాఠమంతా ఆ 20 సెకన్లే. లైటు వెళ్లే వైపే ఆకును జరిపితే ఆకు సాగుతుంది. ఎదురు జరిపితే కుదించుకుపోతుంది. పక్కలకు ఊపితే అలలా వంకర్లు తిరుగుతుంది.

మొదటి రోజు పిల్లలు పెన్నులు, రబ్బర్లు, కీచైన్లు అన్నీ గుమ్మరించారు. ఫ్యాన్సీ షాపు కౌంటర్‌లా వచ్చింది! తప్పు నాదే, ఏమీ చెప్పకుండా వదిలేశాను. రెండో వారం రూలు పెట్టాను: ఒకే వస్తువు, ఐదు స్కాన్లు, ప్రతిదాని కింద ఏం మార్చారో ఒక వాక్యం. మార్కులు ప్రింటుకు కాదు, ఆ ఐదు వాక్యాలకే.

"నాకు బొమ్మలు రావు మిస్" అని పెన్సిల్ ముట్టని అబ్బాయి ఒకడున్నాడు. చింతాకు రెమ్మతో ఐదు కాదు, పదకొండు స్కాన్లు చేశాడు. అనుకున్న వంపు రాలేదు. చివరికి కాగితం తీసుకుని రెమ్మ గీసి, ఏ సెకనుకు ఎటు జరపాలో బాణాలు వేసుకున్నాడు. ఈ ఏడాది నేను చూసిన వాడి మొదటి డ్రాయింగ్ అదే. స్కానర్ పెన్సిల్‌కు బదులని నేను అనను. వాడి విషయంలో మాత్రం పెన్సిల్ దాకా తెచ్చింది.

ఇంట్లో ప్రింటర్-స్కానర్ ఉంటే ప్రయత్నించండి. ఇళ్లలో ఉండేవాటిలో చాలావరకు గాజుకు ఆనుకున్నదే స్పష్టంగా వస్తుంది, కాస్త ఎత్తులో ఉన్నది మసకబారుతుంది. అందుకే గులాబీ కంటే విడదీసిన మందార రేకులు మేలు. మూత తెరిచి, గది లైట్లు ఆర్పితే వెనక నల్లగా వస్తుంది. 300 డీపీఐ చాలు. 600 పెడితే చుక్కలు నాలుగింతలై ఫైలు బరువెక్కుతుంది. పిల్లలు లైటు వంక చూడకుండా చూసుకోండి.

గాజు మీద ముందు పారదర్శక ప్లాస్టిక్ షీటు పరవండి. తడి పువ్వులు, ఇసుక ఉన్న ఆకులు నేరుగా పెట్టొద్దు; గీత పడితే ప్రతి స్కాన్‌లోనూ కనిపిస్తుంది. వచ్చే క్లాసుకు పిల్లలతో ఒక షీటు, మెత్తటి పొడి గుడ్డ, ఇంట్లోని ఏదో ఒక్క వస్తువు పంపండి. ఒక్కటే, దయచేసి.