కొండ ఎందుకు పేలింది?

అక్కలారా! గోలీసోడా కొట్టడం చూశారు కదా? గోలీ లోపలికి నొక్కగానే ఏమవుతుంది? బుస్సుమని గ్యాసు వస్తుంది. సోడా పైకి పొంగుతుంది. అగ్నిపర్వతం పేలడం కూడా ఇలాంటిదే.

నేల లోపలికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. సింగరేణి బొగ్గు బావుల్లో దిగే కార్మికులకు ఈ సంగతి తెలుసు. ఇంకా చాలా లోతున, సుమారు 100 కిలోమీటర్ల కింద, కొన్ని చోట్ల రాయి కూడా కరుగుతుంది. కరిగిన రాయిని శిలాద్రవం అంటారు.

రాయి ఎందుకు కరుగుతుంది? భూమి పైపెంకు ఒకటే ముక్క కాదు. అది పెద్ద పెద్ద పలకలుగా ఉంది. ఈ పలకలు ఏడాదికి కొన్ని అంగుళాలు కదులుతాయి. కొన్నిచోట్ల సముద్రం అడుగున ఉన్న పలక పక్క పలక కిందికి దూరుతుంది. దానితో పాటు నీరూ లోపలికి పోతుంది. ఆ నీరు కలిస్తే, బాగా వేడెక్కి ఉన్న రాయి సులువుగా కరుగుతుంది.

శిలాద్రవం చుట్టూ ఉన్న రాయి కంటే తేలిక. అందుకే పైకి లేస్తుంది. దానిలో ఆవిరి, గ్యాసులు ఇమిడి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ మీది బరువు తగ్గుతుంది. అప్పుడు సోడాలో లాగే గ్యాసు బుడగలు కట్టి ఉబ్బుతుంది. దారి దొరక్కపోతే కొండను బద్దలు కొడుతుంది. బయటికి పారే శిలాద్రవమే లావా. లావా, బూడిద పేరుకుని పేరుకునే అగ్నిపర్వతం పెరుగుతుంది.

ఫిలిప్పీన్స్ దేశంలో పినటుబో అనే కొండ ఉంది. అది సుమారు 500 ఏళ్ళు చల్లగా ఉంది. దాని మీద అడవి పెరిగింది. ఆయెటా గిరిజనులు అక్కడే బతికేవాళ్ళు. 1991 మార్చిలో నేల అదరసాగింది. ఏప్రిల్ 2న కొండ ఆవిరి చిమ్మింది. శాస్త్రవేత్తలు యంత్రాలు పెట్టి అదురును, గ్యాసును కొలిచారు. ప్రమాదం దగ్గర పడిందని చెప్పారు. ఇల్లూ పంటా వదిలి పోవడం ఎవరికి ఇష్టం? అయినా వేలాది కుటుంబాలు కదిలాయి.

జూన్ 15న కొండ పెద్దగా పేలింది. అదే రోజు తుఫాను కూడా వచ్చింది. బూడిద వానకు తడిసి బరువెక్కింది. చనిపోయినవాళ్ళలో చాలామంది ఇళ్ళ కప్పులు కూలడం వల్లే పోయారు. కానీ ముందే కదలబట్టి వేలాది ప్రాణాలు దక్కాయి.

కొండను ఎవరూ ఆపలేరు. అది చూపే గుర్తులను గమనిస్తే మనుషులు బతుకుతారు. మన తీరానికి తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కూడా అంతే. ఇల్లు మళ్ళీ కట్టుకోవచ్చు. ముందు పిల్లలతో, ముసలివాళ్ళతో కదలాలి.

చదివి చెప్పండి:
1. శిలాద్రవం అంటే ఏమిటి?
2. పినటుబో పేలకముందు ఏయే గుర్తులు కనిపించాయి?
3. తుఫాను హెచ్చరిక వస్తే మీ ఊళ్ళో ఎక్కడికి పోవాలి? మాట్లాడుకోండి.