ఫ్రీ అంటే ఉచితం కాదు
(సొంతంగా డిజైన్ పని చేసేవాళ్ళకు కొన్ని సూచనలు)

ఈ నెల గోడపత్రికలో పనికొచ్చే చదువు గురించి రాయమన్నారు. నేను మా అన్న చేసే పని గురించి రాస్తున్నాను. మనలో బొమ్మలు బాగా వేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. రేపు వాళ్ళకు ఇది పనికొస్తుంది.

మా అన్న ఇంటర్ అయ్యాక హనుమకొండలో ఒక డీటీపీ షాపులో రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. తర్వాత ఒక పాత కంప్యూటర్ కొనుక్కొని ఏటూరునాగారం వచ్చేశాడు. ఆ కంప్యూటర్ కోసం మా అమ్మ రెండు మేకలు అమ్మింది. అన్న పెండ్లి కార్డులు, ఫ్లెక్సీలు, షాపు బోర్డులు, వెబ్‌సైట్లు చేస్తాడు. ఇట్లా ఎవరి దగ్గరా నౌకరీ చేయకుండా, వచ్చిన పని ఒప్పుకొని చేసేవాళ్ళను ఫ్రీలాన్సర్లు అంటారు. కానీ మన దగ్గర ఆ మాటలో చాలామందికి 'ఫ్రీ' ఒక్కటే వినపడుతుంది!

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. నేనప్పుడు ఏడో తరగతి. జాతర ముందు అన్నకు చేతినిండా పని. ఒకాయన ఒక్క డిజైన్‌ను పదకొండుసార్లు మార్పించాడు. చివరికి డబ్బులు అడిగితే, "తమ్మీ, నువ్వు చేసిందేముంది? అంత కంప్యూటరే చేసింది గదా" అని నవ్వి పోయాడు. ఇంకో ఫ్లెక్సీలో 'సమ్మక్క' అని ఉండాల్సిన చోట 'సమ్‌మక్‌క' అని పడింది. ప్రింటింగ్ చేసే చోట పాత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒత్తులు ఊడిపోయాయి. రాత్రిపూట ఎవరూ చూడలేదు. తెల్లారి చూస్తే పది అడుగుల ఫ్లెక్సీ పాడైంది. ఆ డబ్బులు అన్నే కట్టాడు.

ఆ రోజు అన్న అన్నం తినలేదు. "రేపటి నుంచి నేను గూడ మిర్చి ఏరనీకి వస్త" అన్నాడు. అమ్మ ఒక్కటే మాట అంది, "మేకలమ్మింది మిర్చి ఏరనీకారా?"

జాతర సెలవుల్లో అన్న చెప్తుంటే నా లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీల్లో నేను ఈ నియమాలు రాశాను. నా చేతిరాత బాగుంటుందని నాతో రాయించాడు.

1. ముందు అడుగు, తర్వాత గీయి.
ఎన్ని అడుగులు? ఎక్కడ కడతారు? ఏ తారీకుకు కావాలి? చివరికి 'సరే' అనేది ఎవరు? ఇవి అడగకుండా కంప్యూటర్ తెరవొద్దు. రోడ్డు మీద ఎత్తుగా కట్టే ఫ్లెక్సీని బస్సులో పోయేవాళ్ళు ఒక్క నిమిషం గూడ చూడరు. దానికి మాటలు తక్కువ ఉండాలి, అక్షరాలు పెద్దగా ఉండాలి.

2. మాట కాగితం మీద పెట్టు.
మా నాయనకు చదువు రాదు. పంట అమ్మినప్పుడు షావుకారి పుస్తకంలో ఏం రాస్తే అదే లెక్క. నాయన వేలిముద్ర వేసి వచ్చేవాడు. ఇంటికొచ్చాక "ఇంతేనా?" అని బాధపడేవాడు. మనకిప్పుడు అక్షరం వచ్చింది. మరి రాయకుండా నోటిమాట మీద పని ఎందుకు చేయాలి? 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం గూడ చెల్లుతుంది. కానీ అది రుజువు చేయడం కష్టం. కాబట్టి పని, ధర, తారీకు, ఎన్నిసార్లు మార్పులు, ఈ నాలుగూ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫోన్‌లో మెసేజ్ పంపి 'సరే' అనిపించుకున్నా మంచిదే. ఇంకో సంగతి: 18 ఏళ్ళు నిండనివాళ్ళు చేసుకున్న ఒప్పందం చట్టప్రకారం చెల్లదు. మనం పెద్దవాళ్ళు లేకుండా ఎవరితోనూ పని మాట్లాడుకోవద్దు.

3. ధర లెక్క వేసి చెప్పు.
లెక్క కోసం ఇట్లా అనుకుందాం. కంప్యూటర్ 18,000 రూపాయలు. మూడేళ్ళు పనిచేస్తే నెలకు 500. కరెంటు, నెట్ 700. మనిషి కూలి రోజుకు 400 చొప్పున 25 రోజులకు 10,000. మొత్తం 11,200. నెలంతా డిజైన్ పని ఉండదు. తిరగడానికి, మాట్లాడడానికి టైం పోతుంది. నెలలో 100 గంటలే పని దొరికితే గంటకు 112 రూపాయలు పడుతుంది. మూడు గంటల పనికి 336 రావాలి. అన్న మొదట్లో దానికి 150 తీసుకునేవాడు. అంటే ఎదురు డబ్బులిచ్చి పనిచేసినట్టే!

4. సగం ముందు తీసుకో.
మిగతా సగం వచ్చాకే అసలు ఫైల్ ఇవ్వాలి. అప్పటిదాకా చూపించడానికి చిన్న బొమ్మ చాలు. రెండుసార్లు మార్పులు చేసివ్వాలి. మూడోసారి నుంచి వేరే డబ్బులు. ఇది మొదలే చెప్పాలి. మధ్యలో చెప్తే కొట్లాట అవుతుంది.

5. అచ్చుకు ముందు చదివించు.
పేర్లు, తారీకులు, ఫోన్ నంబర్లు పని ఇచ్చినవాళ్ళతోనే చదివించి సంతకం తీసుకోవాలి. ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను బొమ్మగా మార్చాలి. కోరల్‌డ్రాలో దీన్ని కర్వ్స్ అంటారు. అప్పుడు ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒత్తులు ఊడిపోవు. కానీ మార్చాక అక్షరం దిద్దలేం. అందుకే దిద్దగలిగే ఫైల్ ఒకటి విడిగా దాచుకోవాలి. ఇంకొకటి, తెర మీద రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుతో వస్తాయి. అచ్చులో సయాన్, మజెంటా, పసుపు, నలుపు సిరాలతో వస్తాయి. అందుకని అచ్చులో కొంచెం మందంగా కనిపిస్తాయి. ఈ సంగతి వాళ్ళకు ముందే చెప్పాలి.

6. వెబ్‌సైట్ చేస్తే ఏటేటా ఖర్చు గూడ చెప్పు.
వెబ్‌సైట్ పేరుకూ, అది ఉండే చోటుకూ ప్రతి సంవత్సరం డబ్బులు కట్టాలి. కట్టకపోతే సైట్ ఆగిపోతుంది. ఆ పేరు డిజైనర్ పేరు మీద కాకుండా సొంతదారు పేరు మీదే తీసుకోవాలి. తెలుగును యూనికోడ్‌లో రాయాలి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే మన తెలుగు ఉంది. అట్లా రాస్తే ఏ ఫోన్‌లోనైనా చదవొచ్చు, వెతకొచ్చు. మన పల్లెల్లో సిగ్నల్ తక్కువ. కాబట్టి ఫోటోలు చిన్న సైజులో పెట్టాలి.

7. ఇంకొకరిది ఎత్తుకోకు.
నెట్‌లో దొరికిన బొమ్మ మనది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవాళ్ళు బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు దానిమీద హక్కు ఉంటుంది. తెలుగు అక్షరాలకు మాత్రం మంచి దారి ఉంది. అమెరికాలోని తెలుగువాళ్ళ సంస్థ సిలికానాంధ్ర మండలి, రామభద్ర, గురజాడ వంటి ఫాంట్లు అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఇక్కడ మాత్రం ఫ్రీ అంటే నిజంగా ఉచితమే!

ఈ నియమాలు నేను హాస్టల్లో గూడ వాడుతున్నాను. ఇంతకుముందు సైన్స్ చార్టులు వేసిమ్మని ఎవరడిగినా కాదనలేక, స్టడీ అవర్ పోగొట్టుకొని వేసేదాన్ని. ఇప్పుడు డబ్బులు అడగను గానీ, చార్టు, స్కెచ్ పెన్నులు మీరే తేవాలి, రెండు రోజుల ముందు చెప్పాలి అంటున్నాను. కొందరు నాకు పొగరని అన్నారు. అది పొగరు కాదు. ముందే చెప్తే తర్వాత ఎవరికీ కోపం రాదు.

అన్న కాగితం రాయించుకోవడం మొదలుపెట్టాక మొదట్లో పనులు తగ్గాయి. పదకొండుసార్లు మార్పించినాయన మళ్ళీ రాలేదు. అన్నకు భయం వేసింది. కానీ మెల్లగా వేరేవాళ్ళు వచ్చారు. వాళ్ళు చెప్పిన రోజు డబ్బులు ఇస్తున్నారు. మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు చూశాను, మా దొడ్డిలో ఒక మేక ఉంది. రెండోది ఇంకా కొనాలి.

అభ్యాసం:
1. ఒక పనికి 5 గంటలు పడితే, పైన చెప్పిన లెక్క ప్రకారం ఎంత అడగాలి?
2. ఒప్పందంలో తప్పక రాయాల్సిన నాలుగు సంగతులు ఏవి?
3. మీ ఇంట్లో నోటిమాట వల్ల జరిగిన నష్టం ఒకటి మీ నాయననో అమ్మనో అడిగి తెలుసుకొని రాయండి.

జవాబులు రాసినవాళ్ళు నాకు చూపించండి.

– 9వ తరగతి విద్యార్థిని