నేలసంపెంగ - నేల ఆరోగ్యము

బెంగుళూరు ప్రాంతమున సాగగు పూలలో నేలసంపెంగ యొకటి. కన్నడమున దీనిని సుగంధరాజ యందురు. మన రైతులు లిల్లీ యనియు పిలుతురు. దీని జన్మభూమి మెక్సికో దేశము. దీనిని సాధారణముగా దుంపలు నాటి పెంచుదురు. ఒకసారి నాటిన దుంపలు రెండు మూడేండ్లు అదే మడిలో నుండి పూయుచుండును.

ఇందు సౌకర్యమును కలదు, అపాయమును కలదు. పైరు మారని నేలలో చీడకు ఆహారము ఎన్నడును తరుగదు. నేలసంపెంగకు అట్టి శత్రువు వేరుబుడిపె నులిపురుగు. ఇది కంటికి కనబడనంత సూక్ష్మమైనది. వేరులో చొచ్చి రసమును పీల్చును. వేరు ఉబ్బి బుడిపెలు కట్టును. ఆడపురుగు వందలకొలది గ్రుడ్లు పెట్టును. మొక్క గిడసబారి, ఆకులు పసుపువారి, పూకాడలు చిన్నవగును. రైతు ఎరువు చాలలేదని భ్రమించి మఱింత ఎరువు వేయును. కాని వేరు చెడిన మొక్క దానిని గ్రహింపజాలదు.

ఈ పురుగు తానై దూరము పోలేదు. దుంపలకు అంటిన మట్టితోను, వేళ్లతోను, పారు నీటితోను ఒక పొలమునుండి మఱియొక పొలమునకు చేరును. కావున పొరుగువాని దుంపలు తెచ్చుకొనువాడు వాని నేలలోని రోగమును గూడ తెచ్చుకొనవచ్చును.

నివారణోపాయములు ఇవి:

1. ఆరోగ్యముగల మడినుండియే దుంపలను గ్రహించి, మట్టిని, పాతవేళ్లను తొలగించి నాటవలెను.

2. వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండబెట్టవలెను.

3. పాతతోట తీసిన పిమ్మట వంగ, టమాట వేయరాదు. ఇవియు ఆ పురుగునకు ఆహారమే. బంతిని దట్టముగా పెంచిన మేలు. బంతివేళ్లలోని పదార్థము నులిపురుగులను నశింపజేయును.

4. చివికిన పశువుల ఎరువును, వేపపిండిని నేలలో కలుపవలెను. ట్రైకోడెర్మా వంటి మేలుచేయు శిలీంధ్రములను ఆ ఎరువులో పెంచి వేయుట మఱింత ఉపయోగకరము.

యలహంకకు సమీపమున హెసరఘట్టలో 1967లో స్థాపింపబడిన భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, సువాసిని, ప్రజ్వల్, వైభవ్ అను నేలసంపెంగ రకములను రూపొందించినది. వీనిలో శృంగార్ నులిపురుగును కొంత తట్టుకొనును. అయినను మంచి రకము మంచి నేలకు బదులు కాజాలదు.

విద్యార్థులారా! వాడిన మొక్క కనబడినచో దాని వేళ్లను కడిగి పరీక్షింపుడు. చిక్కుడు, వేరుసెనగ వేళ్లపై నుండు బుడిపెలు గోటితో గీరిన రాలిపోవును. అవి నత్రజనిని కూర్చు మిత్రములు. నులిపురుగు బుడిపె వేరులో భాగమే యగుటచే రాలదు. ఈ భేదము నెఱిగి మీ యింటి పెద్దలకు చెప్పుడు. మందు కొనుటకు ముందు వేరును చూచుట మేలు.