క్విటో నగరములో ఒక దినము

దక్షిణ అమెరికాలోని ఈక్వెడారు దేశమునకు క్విటో రాజధాని. ఇది ఆండీస్ పర్వతములలో సుమారు 2,850 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలి పలుచన. తొందరపడి నడచు యాత్రికునకు ఆయాసము తప్పదు.

ఉదయము పాత నగరమును చూడవలెను. స్పెయిన్ వారి పాలనలో స్థానిక శిల్పులు తీర్చిన చర్చిలు బంగారు రేకులతో మెరయుచుండును. 1978లో యునెస్కో ప్రకటించిన తొలి ప్రపంచ వారసత్వ స్థలములలో క్విటో ఒకటి.

మధ్యాహ్నము నగరమునకు ఉత్తరముననున్న భూమధ్యరేఖా స్మారకమును చేరవచ్చును. 1736లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ సీమకు వచ్చి, చలికోర్చి కొండలెక్కి, ఏండ్ల తరబడి కొలతలు తీసిరి. భూమి ధ్రువములకడ నొక్కుకొని యున్నదని నిర్ణయించుటకు ఆ శ్రమ తోడ్పడినది. తరువాతి కాలమున స్మారకమువద్ద గీచిన గీత మాత్రము అసలు రేఖకు సుమారు 240 మీటర్ల దూరమున నున్నదని ఉపగ్రహ సాధనములు తెల్పినవి. కొలిచినదానిని మరల కొలిచి సరిచూచుటయే శాస్త్రమార్గము.