ఆర్పినా మళ్ళీ వెలిగే దీపం

చిలకలూరిపేట మీదుగా పోయే 16వ నంబరు జాతీయ రహదారి పక్కన ఓ పావుగంట నిలబడి చూడండి. పత్తి బేళ్ళ లారీలు, మిర్చి బస్తాల వ్యాన్లు, వాటి మధ్య నుంచి దారి చేసుకుంటూ కార్లు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఈసారి కారెక్కినప్పుడు డ్రైవరు తాళం తిప్పగానే ముందున్న పలక వంక చూడండి. ఇంజను ఆకారంలో పసుపుపచ్చని చిన్న దీపం ఒకటి వెలుగుతుంది. ఇంజను స్టార్టవగానే అది ఆరిపోవాలి. ఆరకపోతే?

ఒక ఉదాహరణ తీసుకుందాం. పేటలో ఒకాయన పెట్రోలు కారు కిరాయికి తిప్పుకుంటున్నాడనుకోండి. ఒకరోజు ఆ దీపం వెలిగింది. కారు బాగానే నడుస్తోంది, కాకపోతే ఆగి ఉన్నప్పుడు ఇంజను కాస్త వణుకుతోంది. షెడ్డుకు తీసుకెళితే స్కానరు పెట్టి దీపం ఆర్పేశారు. నాలుగు రోజులకు మళ్ళీ వెలిగింది. మళ్ళీ ఆర్పించాడు, మళ్ళీ వెలిగింది. "ఆక్సిజన్ సెన్సరు మార్చేయండి, వేలల్లో అవుతుంది" అన్నారెవరో. మార్చాక కూడా దీపం వెలిగితే? నాలుగైదు కిరాయిల డబ్బు పోయినట్టే కదా!

జ్వరం వచ్చినప్పుడు పాదరసపు థర్మామీటరును విదిలిస్తే పాదరసం కిందికి దిగుతుంది. మరి జ్వరం దిగుతుందా? దీపాన్ని స్కానరుతో ఆర్పడమూ అంతే.

అసలీ దీపం పని పొగను కాపలా కాయడం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కార్ల పొగతో గాలి పాడైపోతుంటే, 1988 మోడళ్ళ నుంచి ప్రతి కారూ తన లోపాన్ని తానే కనిపెట్టి చెప్పాలన్నారు. 1996 నుంచి అమెరికా అంతటా అన్ని కార్లకూ ఒకే రకం 16 పిన్నుల సాకెట్టు, ఒకే రకం కోడ్లు వచ్చాయి. మన దేశంలో ఇలాంటి ఏర్పాటు 2010లో మొదలై 2013 నుంచి మరింత కట్టుదిట్టమైంది. ఆ సాకెట్టు సాధారణంగా స్టీరింగు కింద, డ్రైవరు మోకాళ్ళ దగ్గర ఉంటుంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన స్కానరును దానికి తగిలిస్తే కోడు సెల్‌ఫోనులో కనబడుతుంది.

మన ఉదాహరణలోని కారు చెప్పిన కోడు పి0171. ఇందులో 'పి' అంటే ఇంజను, గేర్ల విభాగం. తరువాతి సున్నా, ఈ కోడు అన్ని కంపెనీలకూ ఒకటే అని తెలుపుతుంది. ఆ తరువాతి 1, తగాదా ఇంధనమూ గాలీ దగ్గర ఉందంటుంది. మొత్తం కలిపితే, "మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ" అని అర్థం. గమనించారా? ఫలానా భాగం చెడిందని అది ఎక్కడా చెప్పలేదు! అది లక్షణమే గాని రోగం పేరు కాదు.

పెట్రోలు సరిగ్గా మండాలంటే 1 గ్రాము పెట్రోలుకు దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. లోపలికి వెళ్ళే గాలిని చాలా కార్లలో ఒక వేడి తీగ కొలుస్తుంది. వేడి పాలను ఊదితే చల్లారతాయి కదా! అలాగే గాలి వీచేకొద్దీ తీగ చల్లబడుతుంది. దాని వేడి తగ్గకుండా ఎంత కరెంటు పంపాల్సి వచ్చిందో చూసి, కంప్యూటరు గాలి బరువును లెక్కకట్టి, తగినంత పెట్రోలు చిమ్మిస్తుంది. పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు ఫలితాన్ని పరీక్షిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతే దాని వోల్టేజి 0.1 దగ్గరికి పడిపోతుంది, ఆక్సిజన్ అయిపోతే 0.9 దగ్గరికి లేస్తుంది. దాన్నిబట్టి కంప్యూటరు పెట్రోలును కాస్త పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. ఈ సర్దుబాటును ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. పెంచడం ఒక హద్దు దాటిందా, కోడు నమోదవుతుంది. అంటే మన కారులో ఆక్సిజన్ సెన్సరు బహుశా దొంగను చూసి కేకేసిన కాపలావాడే. కేకేసినవాణ్ణే మార్చేస్తామంటే ఎలా?

మరి దొంగ ఎవరు? పత్తీ మిర్చీ పండే సీమ కనుక ముందుగా దుమ్ము మీదికే అనుమానం పోతుంది. వేడి తీగకు దుమ్ము పడితే అది గాలిని తక్కువగా కొలుస్తుంది. అనుమానం సబబే. కాని స్కానరులో అంకెలుండగా అనుమానంతో పనేముంది?

ఇంజను వేడెక్కాక, ఐడిలింగులో ట్రిమ్ చూశారు: 23 శాతం ఎక్కువ. నిమిషానికి 2500 చుట్లకు వేగం పెంచారు: 6 శాతమే! ఇక్కడే ఉంది కీలకం. ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి, తీగ కొలవని గాలి సెకనుకు 0.7 గ్రాములు దొంగచాటుగా లోపలికి పోతోందనుకోండి. ఐడిలింగులో తీగ కొలిచేది సెకనుకు 3 గ్రాములు. 0.7ను 3తో భాగించండి, 23 శాతం వస్తుంది. వేగం పెరిగాక కొలిచేది 12 గ్రాములు. ఇప్పుడు అదే 0.7 దాదాపు 6 శాతమే అవుతుంది. గ్లాసుడు నీళ్ళు చెంబు మజ్జిగను పలచన చేస్తాయి, కుండెడు మజ్జిగలో పోస్తే తెలియనైనా తెలియవు. తప్పు తీగకు పట్టిన దుమ్ముదే అయితే వేగం పెరిగినా ట్రిమ్ ఇలా పడిపోదు. పెట్రోలు పంపు నీరసించినా అంతే, వేగం పెరిగేకొద్దీ కొరత ఇంకా పెరుగుతుంది.

కాబట్టి వెతకవలసింది చిల్లును. ఇంజను ఆపి, చల్లారాక, గాలి లోపలికి పోయే దారిలోని రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే వంచి చూస్తే, ఓ వంపు అడుగున సన్నని పగులు దొరికింది. ఇంజను వేడికి ఏళ్ళ తరబడి మగ్గిన రబ్బరు పెళుసై చిట్లుతుంది. మామూలుగా చూస్తే కనబడదు, వంచితేనే నోరు తెరుస్తుంది. ఆ గొట్టం ధర ఆక్సిజన్ సెన్సరు ధరలో చిన్న వంతు.

ఇంట్లో ఎవరైనా ఇలా పరీక్షిస్తుంటే మీరు పక్కనుండి అంకెలు రాసుకోండి. తిరిగే ఫ్యానుకూ బెల్టులకూ మాత్రం దూరంగా ఉండండి. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపనివ్వకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు, అది ప్రాణం తీస్తుంది. ఇంకొక సంగతి. దీపం నిలకడగా వెలుగుతుంటే ఇంజను వేడి, ఆయిలు సూచికలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. మిణుకుమిణుకుమని కొట్టుకుంటుంటే మాత్రం ఏదో సిలిండరులో పెట్రోలు మండకుండానే బయటికి పోతోందన్నమాట. అది పొగగొట్టంలోని ఉత్ప్రేరకంలో మండి దాన్ని కాల్చేస్తుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలుండేది అందులోనే. వెంటనే వేగం తగ్గించి, బండిని పక్కకు తీసి ఆపాలి.

గొట్టం మార్చాక దీపాన్ని ఆర్పే తొందర అక్కరలేదు. సాధారణంగా వరుసగా మూడు ప్రయాణాల్లో లోపం కనబడకపోతే కంప్యూటరే దాన్ని ఆర్పేస్తుంది. స్కానరుతో ఆర్పితే, లోపం పుట్టిన క్షణంలో ఇంజను వేగమెంతో, వేడెంతో రాసిపెట్టుకున్న వివరాలు కూడా చెరిగిపోతాయి. అందుకే ఆర్పేముందు వాటిని కాగితం మీద ఎక్కించుకోవాలి. పైగా కంప్యూటరు తన స్వీయపరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. దానికి కొన్ని రోజుల ప్రయాణం పడుతుంది. అవి పూర్తయ్యాయో లేదో కూడా స్కానరు చూపుతుంది. మీ ఇంట్లో పాత కారు కొనబోతుంటే, దీపం ఆరి ఉందని సంబరపడకముందు ఆ జాబితా ఒకసారి చూడమనండి. పరీక్షల్లో చాలావరకు 'పూర్తికాలేదు' అని ఉంటే, నిన్నో మొన్నో ఆ దీపాన్ని ఎవరో ఆర్పి ఉండవచ్చు.