అన్నప్రాశనము

షోడశ సంస్కారములలో అన్నప్రాశన మొకటి. ఆశ్వలాయన, పారస్కర గృహ్యసూత్రములు దీనికి ఆరవ మాసమును విధించినవి. అంతవరకు శిశువునకు తల్లిపాలే సర్వాహారము. ఆపై అవి మాత్రమే చాలవు. ఆరు మాసములు నిండిన పిమ్మట అన్నము నారంభింపవలెనని నేటి వైద్యులును చెప్పుచున్నారు.

ఆడశిశువునకు బేసి మాసమున జరుపుట ఆచారము. అయిదవ మాసమున తొందరపడనక్కరలేదు. ఏడవ మాసమును బేసియే. దానిని గ్రహించినచో ఆచారమును, ఆరోగ్యమును రెండును నిలుచును.

పెరుగు, తేనె, నేయి కలిపిన అన్నమును ఆశ్వలాయనుడు చెప్పెను. కాని తేనెయందు ఒకానొక సూక్ష్మజీవి బీజము లుండవచ్చుననియు, అవి పసిబిడ్డ ప్రేవులలో విషమును పుట్టింపగలవనియు నేడు తెలిసినది. కావున ఏడాది నిండువరకు తేనెను చుక్కయైనను నాకింపరాదు. స్వామికి నివేదించి, నేతితో మెత్తగా మెదిపిన అన్నమే చాలును.

ఈ సంస్కారము తల్లిపాలకు స్వస్తి కాదు. రెండేండ్లవరకు పాలిచ్చుచునే, దినమునకు రెండు మూడు పర్యాయములు, పూటకు రెండు మూడు చెంచాలతో మొదలిడి క్రమముగా పప్పు, కూరలు చేర్చి పెంచవలెను. బిడ్డ ముఖము త్రిప్పుకొన్నచో బలవంతము కూడదు. ప్రసాదము ప్రీతితోనే పెట్టవలెను గదా!