ఇంటిలో చేసికొనదగిన గాలపు ఎరలు – చిన్న పడవకు వలయు సామగ్రి

ఇచ్ఛాపురము మొదలు తడ వరకు గల మన సముద్రతీరమున వేలకొలది మత్స్యకార కుటుంబములు చిన్న పడవలనే నమ్ముకొని జీవించుచున్నవి. వలతో చేయు వేట అందరకును తెలిసినదే. గాలపు వేటకు గల ప్రయోజనము వేరు. గాలమునకు చేప ఒక్కొక్కటిగా, ప్రాణముతో, ఒడలు చెడకుండ చిక్కును. అట్టి చేపకు రేవులో మంచి వెల పలుకును. పనికిరాని చిన్నపిల్లలు వృథాగా చావవు. విశాఖపట్టణము, శ్రీకాకుళము తీరములలో వంజరము, ట్యూనా చేపల కొరకు గాలపు వేట చిరకాలముగా సాగుచున్నది.

అయితే గాలపు వేటకు ఎర దొరకుట ఒక పెద్ద చిక్కు. తెల్లవారుజామున ఎరచేప దొరకనినాడు ప్రయాణమే ఆగిపోవును. దొరకిననాడు దాని వెల లాభములో కొంత భాగమును తినివేయును. అంగడిలో అమ్ము కృత్రిమపు ఎరలు ఖరీదైనవి. పదునైన పండ్లు గల వంజరము ఒక్క కాటుతో దారమును తెంపి ఎరను తీసికొనిపోయిన, ఆ నష్టము చిన్నవాని నడుము విరుచును. అట్టి ఎరలను మనమే ఇంటివద్ద చేసికొనవచ్చును. వానికి వలయునవి పాత చెంచాలు, వలకు కట్టు సీసపు గుండ్లు, కోడి ఈకలు మాత్రమే. ఎరపై మిగిలిన పైకమును పడవలోని ప్రాణరక్షణ సామగ్రిపై వెచ్చించిన, ఈ పని రెండు విధముల ఫలించును. ఈ పాఠమున ఆ రెండు విషయములను వరుసగా తెలిసికొందము.

చేప ఎరను ఏల పట్టును?

వంజరము, పార, ట్యూనా, కానగుర్త మొదలగునవి చిన్న చేపలను, రొయ్యలను వెంటాడి తినునట్టి జాతులు. ఇవి ముఖ్యముగా కంటిచూపుతో వేటాడును. నీటిలో తళుక్కున మెరసి, గాయపడిన చిన్న చేపవలె అటునిటు తూలు వస్తువు కనబడినంతనే మీదికి దుముకును. కావున కృత్రిమపు ఎరకు రుచి, వాసన అవసరము లేదు. మెరుపు, కదలిక, తగిన పరిమాణము అను మూడు గుణములున్న చాలును. ఈ మూడింటిలో కదలికయే ప్రధానము. ఎంత అందముగా చేసిన ఎరయైనను నీటిలో కఱ్ఱముక్కవలె కదలక వచ్చినచో చేప దానివంక చూడదు.

మొదటిది: చెంచా ఎర

స్టీలు లేక ఇత్తడి చెంచా ఒకటి తీసికొని, రంపముతో కాడను కోసివేయవలెను. మిగిలిన గుంటభాగము అంచులను ఆకురాయితో నున్నగా రాయవలెను. అంచు గరుకుగా ఉన్నచో దారమును కోసివేయును. పిమ్మట రెండు కొనలయందును, అంచునకు అర సెంటీమీటరు లోపల, 3 మిల్లీమీటర్ల బెజ్జము ఒక్కొక్కటి వేయవలెను. బెజ్జము వేయుటకు ముందు మేకుతో చిన్న గుంట కొట్టుకొనిన బరమా జారదు. స్టీలు గట్టిది గనుక బరమాను మెల్లగా త్రిప్పుచు, నడుమనడుమ ఒక చుక్క నూనె వేయుచుండవలెను.

సన్నని కొననున్న బెజ్జమునకు ఒక కడియమును, దానికి స్వివెల్‌ను తగిలించవలెను. స్వివెల్ లేనిచో ఎర తిరుగుడుకు దారమంతయు మెలిపడిపోవును. వెడల్పైన కొననున్న బెజ్జమునకు మరియొక కడియముతో తుప్పు పట్టని గాలమును తగిలించవలెను. వంజరము కొరకైనచో స్వివెల్‌కును అసలు దారమునకును నడుమ ఒక మూర పొడవు సన్నని స్టీలు తీగ ఉండవలెను. నైలానును దాని పండ్లు కోయును గాని తీగను కోయజాలవు.

ఎర సిద్ధమైన పిదప పడవ ప్రక్కనే నీటిలో లాగి చూడవలెను. అది అటునిటు తూలుచు వచ్చిన మంచిది. బొంగరమువలె గిరగిర తిరిగినచో పడవ వేగము తగ్గింపవలెను, లేదా చెంచా వంపును కొంచెము సరిచేయవలెను. వంజరము కొరకు సామాన్యముగా గంటకు 4 మొదలు 6 నాటికల్ మైళ్ళ వేగముతో లాగుదురు.

రెండవది: సీసపు ఎర

పడవను నిలిపి, లోతున నున్న చేపలను పట్టుటకు ఇది తగినది. సీసమును కరగించు పనియే లేకుండ దీనిని చేయవచ్చును. వల అడుగున కట్టు గొట్టపు సీసపు గుండు నొకదానిని తీసికొని, దాని బెజ్జము గుండ తుప్పు పట్టని గట్టి తీగను దూర్చవలెను. తీగ రెండు కొనలను పట్టుకారుతో ఉంగరమువలె వంచి, మిగిలిన తీగను కాడకే నాలుగైదు చుట్లు బిగువుగా చుట్టవలెను. పై ఉంగరమునకు దారమును, క్రింది ఉంగరమునకు గాలమును తగిలించవలెను. గుండు తీగపై జారకుండ ఇరువైపుల సుత్తితో మెల్లగా తట్టవలెను. గాలపు కాడకు తెల్లని కోడి ఈకలు రెండు మూడు దారముతో కట్టినచో చిన్న చేప తోకవలె ఆడుచుండును. సీసముపై తెలుపు లేక వెండి రంగు పూసి, బాగుగా ఆరనిచ్చినచో మెరుపు వచ్చును. రంగు పొర వలన సీసము చేతికంటుట కూడ తగ్గును.

బరువు ఎంత ఉండవలెనను దానికి ఒకటే కొలత. ఎర అడుగునకు తగిలిన పిదప దారము ఇంచుమించు నిలువుగా నిలువవలెను. ప్రవాహమునకు దారము ఏటవాలుగా కొట్టుకొనిపోవుచున్నచో బరువు చాలదని అర్థము. ఎరను అడుగునకు దింపి, ఒక బారెడు పైకి చురుకుగా లాగి, మరల క్రిందికి జారవిడువవలెను. చేప చాలసార్లు ఎర క్రిందికి దిగునపుడే పట్టును. కావున దిగునపుడు దారమును పూర్తిగా వదులుచేయక, వ్రేళ్ళ నడుమ తగులుచుండునట్లు పట్టుకొనవలెను.

మూడవది: కానగుర్తల గాలముల వరుస

ఒకే దారమునకు 6 మొదలు 10 చిన్న గాలములను, జానెడు దూరమున కొకటిగా, బెత్తెడు పొడవు కొమ్మదారములతో కట్టవలెను. ప్రతి గాలపు కాడకు తెల్లని ఈక ముక్కనో, జరీ దారపు పోగులనో అమర్చి, ఎఱ్ఱదారముతో పది చుట్లు చుట్టి, ముడిపై ఒక చుక్క గోళ్ళరంగు వేసిన ఊడిపోదు. అడుగున సీసపు గుండు కట్టవలెను. గుంపు తగిలినచో ఒక్కసారికే నాలుగైదు చేపలు వచ్చును. ఇంటిలోని స్త్రీలును పెద్దలును తీరిక వేళ ఈ వరుసలను కట్టి ఉంచవచ్చును.

సీసముతో జాగ్రత్త

కొందరు సీసమును పెరటిలో కరగించి అచ్చు పోయుచుందురు. సీసము 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కరగును. అచ్చులో ఒక్క చుక్క తేమ ఉన్నను అది క్షణములో ఆవిరియై, కరగిన సీసమును ముఖముపైకి చిమ్మును. సీసపు పొగయు, ధూళియు విషము. అది పిల్లల మెదడు ఎదుగుదలను చెరచును. గర్భిణులకు మిక్కిలి హాని చేయును. ఇంత స్వల్పమైనచో హాని లేదని చెప్పదగిన పరిమాణము సీసమునకు లేదు. కావున కరగించు పనిని ఇంటివద్ద మానుటయే మేలు. పాత మోటారు బ్యాటరీలను పగులగొట్టి సీసము తీయుట అంతకంటె ప్రమాదకరము. సీసపు గుండును పండ్లతో కొరికి నొక్కు అలవాటు మనలో కలదు. దానిని వెంటనే విడిచిపెట్టి పట్టుకారును వాడవలెను. సీసమును ముట్టిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనకుండ అన్నము తినరాదు, బిడ్డలను ఎత్తుకొనరాదు. ఈకలు కట్టు పని పిల్లలున్న ఇంటిలో జరుగవచ్చును గాని సీసపు పని జరుగరాదు.

ముడి, దారము

ఎంత గట్టి దారమైనను ముడివద్దనే తెగును. దారపు కొనను గాలపు కంటిలో దూర్చి, అసలు దారము చుట్టును ఐదారు చుట్లు చుట్టి, కొనను కన్ను ప్రక్కనున్న మొదటి సందులో దూర్చి, నీటితో తడిపి మెల్లగా బిగించవలెను. తడపక బిగించినచో ఒరపిడి వేడిమికి నైలాను బలహీనపడును. ఎండకు తెల్లబారి గరుకెక్కిన దారమును నమ్మరాదు. అట్టి దారమును సముద్రములో పారవేసినచో అది ఏండ్ల తరబడి చేపలను, తాబేళ్ళను చుట్టి చంపును. ఒడ్డునకే తేవలెను. తాబేలు గాలమునకు చిక్కినచో దారమును గాలము దగ్గరగా కోసి విడిచిపెట్టవలెను. తాబేళ్ళు చట్టరక్షణ గల జంతువులు.

పడవకు వలయు సామగ్రి

ఎర సిద్ధమైనది. ఇక దానితో వెళ్ళినవారు క్షేమముగా తిరిగివచ్చు మార్గమును చూడవలెను.

ఇంధనము: తీసికొనిపోవు ఇంధనములో మూడవ వంతు పోవుటకు, మూడవ వంతు వచ్చుటకు, మిగిలిన మూడవ వంతు ఆపదకు అని లెక్క వేయవలెను. ఇంజను ఆగినచో పనికివచ్చునట్లు తెడ్లు తప్పక ఉండవలెను. అదనపు స్పార్కు ప్లగ్గు, పానాలు, పట్టుకారు ఒక మూత డబ్బాలో ఉండవలెను. ఇంజను ఆపు తాడును నడుపువాడు మణికట్టునకు తగిలించుకొనవలెను. అతడు నీటిలో పడినచో ఇంజను తనంతట ఆగును.

లంగరు: లంగరు తాడు నీటి లోతునకు మూడు నాలుగు రెట్లైనను ఉండవలెను. తాడు కురచయైన లంగరు అడుగును పట్టదు. ఇంజను ఆగి గాలికి కొట్టుకొనిపోవు పడవను నిలుపునది ఇదియే.

నీరు: మనిషికి రోజుకు 4 లీటర్ల మంచినీరు చొప్పున లెక్కించి, ఒక రోజుకు సరిపడునంత అదనముగా తీసికొనవలెను. లోన చేరిన ఉప్పునీరు తోడుటకు రెండు డొప్పలు ఉండవలెను.

ప్రాణరక్షణ: మనిషి కొకటి చొప్పున లైఫ్ జాకెట్టు ఉండవలెను. అది పడవ అడుగున మూటగట్టి ఉన్నచో లేనట్లే. ‘మాకు ఈత వచ్చును’ అని మనవారు అందురు. ఒడ్డున విరుగు కెరటములో పడవ తలక్రిందులైనపుడు తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవానికి ఈత ఏమి ప్రయోజనము? కావున కెరటములను దాటునపుడైనను, చీకటియందైనను దానిని తొడిగియే ఉండవలెను.

సంకేతములు: టార్చి, ఈల, చిన్న అద్దము, తెల్లని దీపము, దిక్సూచి ఉండవలెను. సెల్ ఫోనును నీరు చొరని సంచిలో ఉంచవలెను. తీరమునకు దూరమైన కొలది దానికి సంకేతము అందదు గనుక, వీలైనవారు వి.హెచ్.ఎఫ్. రేడియోను అమర్చుకొనవలెను. ఆపదలో పిలువవలసినది దానిలోని 16వ చానలు. సముద్రమున ఆపద కలిగినచో తీరరక్షక దళమునకు ఫోను చేయవలసిన సంఖ్య 1554. ఒడ్డుననున్న ఇంటివారు కూడ దీనిని కంఠస్థము చేయవలెను.

గాలములు: విడి గాలములను థర్మకోలు ముక్కకు గ్రుచ్చి, దారములను తట్టలో చుట్టి ఉంచవలెను. కాలికి చుట్టుకొనిన దారము మనిషిని నీటిలోనికి లాగును. గాలము చేతికి గ్రుచ్చుకొనినచో వెనుకకు లాగరాదు. ఎదురుముల్లు కండను చీల్చును. దానిని ముందుకే నెట్టి, పైకి వచ్చిన ఎదురుముల్లును కత్తిరించి, పిమ్మట వెనుకకు తీయవలెను. కన్ను, మెడ దగ్గర గ్రుచ్చుకొనినచో ముట్టక ఆసుపత్రికి చేర్చవలెను. ధనుర్వాతపు సూది తప్పక వేయించుకొనవలెను.

పట్టిన చేపకు మంచు

గాలపు చేపకు వచ్చు మంచి వెల మంచు లేనిచో నిలువదు. ఒక కిలో చేపకు ఒక కిలో మంచు అనునది లెక్క. మంచును చిన్న ముక్కలుగా కొట్టి, పెట్టె అడుగున ఒక పొర, దానిపై చేప, మరల మంచు పరచవలెను. కరగిన నీరు పోవుటకు బెజ్జము ఉండవలెను. ట్యూనా, కానగుర్త, వంజరము ఎండలో ఉన్నచో వాని మాంసమున హిస్టమిన్ అను విషపదార్థము పుట్టును. తిన్నవారికి ముఖము ఎఱ్ఱబడి, దురద, తలనొప్పి, వాంతులు కలుగును. ఎంత ఉడికించినను ఆ విషము పోదు. మంచు ఒక్కటే దీనికి నివారణ.

బయలుదేరుటకు ముందు

హైదరాబాదునందు 1999లో నెలకొల్పబడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము చేపలు దొరకదగిన తావులను, అలల ఎత్తును ముందుగా తెలుపుచున్నది. రేవులో ఆ ప్రకటనను చూడక బయలుదేరరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను, 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును మన తీరము మరువలేదు. అల్పపీడనపు హెచ్చరిక వచ్చిననాడు ఎంత మంచి ఎరయైనను ఇంటనే ఉండవలెను. ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున యంత్రపు పడవలకు, మోటారు పడవలకు వేట నిషేధము కలదు. చేపలు గ్రుడ్లు పెట్టు ఆ కాలమును ఎరలు చేసికొనుటకు, పడవ బాగుచేసికొనుటకు వినియోగించిన సోమరితనము గాని నష్టము గాని ఉండదు.

బయలుదేరువాడు ఎటు వెళ్ళుచున్నది, ఎప్పుడు తిరిగి వచ్చునది ఇంటిలో ఒకరికి చెప్పవలెను. చెప్పిన వేళకు పడవ రానిచో వారు వెంటనే 1554కు తెలుపవలెను. ఈ నియమమునకు కానియైనను ఖర్చు లేదు. చెంచా ఎరపై మిగిలిన రూపాయలు ఒక సంవత్సరములో ఒక లైఫ్ జాకెట్టు వెల కాగలవు. మత్స్యకార సోదరులు తమ సహకార సంఘములలో పదిమంది కలిసి ఎరలు చేయుట నేర్చుకొని, ఆ పొదుపుతో ప్రతి పడవకును ఈ సామగ్రిని సమకూర్చుకొందురు గాక.